వాగు అవతలి కబురు: ఏటూరునాగారం ఏజెన్సీలో ఒక వానాకాలం ప్రాజెక్టు డైరీ

మే మూడో వారం

ములుగు జిల్లాలోని ఏటూరునాగారం, తాడ్వాయి, కన్నాయిగూడెం మండలాల్లో వానలకు దారి తెగిపోయే ఊళ్లు, గూడేల కోసం మొదలుపెట్టిన పని ఇది. వాగు పొంగి రాకపోకలు ఆగినా పిల్లల టీకాలు వెనకబడకూడదు. అవతల జబ్బు మొదలైతే ఇవతలికి తెలియాలి. మొదటిదానికి మందులు, మనుషులు, ఐస్‌ప్యాక్‌లు సమకూరితే చాలావరకు గట్టెక్కుతాం. నన్ను నిద్రపోనివ్వనిది రెండోదే.

2023 జులై 26, 27 తేదీల నడుమ ఇదే జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. రాష్ట్రంలో అంతకుముందు ఎన్నడూ నమోదు కానంత వాన అది. జంపన్నవాగు కొండాయి గ్రామం మీద పడి ప్రాణాలు తీసింది. పక్కన భూపాలపల్లి జిల్లాలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి జనం ఇళ్ల కప్పులెక్కి కూర్చున్నారు. అలాంటి రోజుల్లో కరెంటు ఉండదు, సెల్ టవర్ పనిచేయదు. వ్యాధుల నివేదికలో ఆ ఊరి గడి ఖాళీగా ఉంటుంది. ఆ గడి మండలం దాటి జిల్లాకు, జిల్లా దాటి రాష్ట్రానికి చేరేసరికి ఎవరో ఒకరి చేతిలో సున్నా అయిపోతుంది. కేసులు లేవన్న మాటకూ, కబురే రాలేదన్న మాటకూ మధ్య తేడా కాగితం మీద కనిపించాలి. ఈ ప్రాజెక్టులో నేను పట్టుకున్న కొస అదే.

మే చివర

ముందు ఊళ్ల జాబితా కావాలి. రెవెన్యూ జాబితాలో రెవెన్యూ గ్రామాలుంటాయి, పంచాయతీ జాబితాలో పంచాయతీలుంటాయి. అడవిలోని గొత్తికోయ గూడేలు కొన్ని రెండింట్లోనూ కనిపించవు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు అవి. పది గుడిసెల గూడెం ఒక ఏడాది ఇక్కడుంటే మరుసటి ఏడాది రెండు కిలోమీటర్లు లోపలికి జరిగి ఉండవచ్చు.

చివరికి పనికొచ్చింది పల్స్ పోలియో మైక్రోప్లాన్. ఏ బృందం ఏ రోజు ఏ ఇంటి నుంచి ఏ ఇంటి దాకా వెళ్లాలో చేత్తో గీసిన పటాలవి. చింతచెట్టు, చేతిపంపు, కల్లు మండువా, అన్నీ గుర్తులే. మన దేశంలో ఆఖరి సహజ పోలియో కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్‌లోని హావ్‌డా జిల్లాలో నమోదైంది. 2014 మార్చి 27న ప్రపంచ ఆరోగ్య సంస్థ మనమున్న ఆగ్నేయాసియా ప్రాంతాన్ని పోలియో రహితమని ప్రకటించింది. ఆ జబ్బు పోయినా దాని కోసం నడిచిన మనుషులు గీసిన పటాలు ఇప్పటికీ ప్రభుత్వం దగ్గరున్న అన్ని పటాల కన్నా నిజాయితీగా ఉన్నాయి. ఇది నా అభిప్రాయం. కంప్యూటర్ తెర మీద ఉపగ్రహ చిత్రాలు చూపించే మిత్రులకు కోపం వచ్చినా సరే.

ఆ పటాల మీద ఎర్ర పెన్సిల్‌తో రెండు సంగతులు రాశాం. ఏ వాగు అడ్డం వస్తుంది? ఒకసారి పొంగితే ఎన్నాళ్లకు దిగుతుంది? ఈ లెక్క పాల డబ్బాలు మోసేవాళ్లకూ, రేషన్ బియ్యం తోలే ఆటో డ్రైవర్లకూ, ఆశా కార్యకర్తలకూ కంఠతా వచ్చు. ఒక ఆశా అక్క పటం చూసి, "ఇది కాదు సార్, దీని కింద ఇంకో వర్రె ఉంది. పెద్ద వాగు దిగినా అది దిగదు" అని తానే పెన్సిల్ తీసుకుని గీత గీసింది. ఆ వర్రె (చిన్న వాగు) ఏ పటంలోనూ లేదు.

జూన్ మొదట్లో

సమావేశంలో ఒక పెద్దమనిషి సూచన: "జులై, ఆగస్టుల్లో వేయాల్సిన టీకాలన్నీ ఇప్పుడే వేసేస్తే పోలేదా?" వినడానికి బాగుంది. కానీ పట్టిక అలా లొంగదు. అయిదు జబ్బులకు కలిపి వేసే పెంటావాలెంట్ టీకా ఆరు వారాలు నిండనిదే మొదలుపెట్టకూడదు. డోసుకూ డోసుకూ మధ్య కనీసం నాలుగు వారాలు ఉండాలి. మామూలు రోజుల్లో ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకా తొమ్మిది నెలలు నిండాకే. పసిబిడ్డకు తల్లి నుంచి వచ్చిన రక్షణ పదార్థాలు ఇంకా ఒంట్లో ఉంటే తట్టు టీకా సరిగా పట్టదు. అందుకే ఆ గడువు.

కాబట్టి ముందుకు జరపడం కుదరదు, బకాయిలు తీర్చడం కుదురుతుంది. పాత లెక్క ప్రకారం ఈపాటికి పడి ఉండాల్సి, పడనివి. క్షయ టీకా బీసీజీ ఏడాది లోపు వేయవచ్చు. ఎంఆర్ తప్పిపోతే అయిదేళ్ల దాకా వేయవచ్చు. జూన్ నెల బుధ, శనివారాల సెషన్లన్నీ ఈ బకాయి పిల్లలకే ముందు. ఆ తర్వాత ప్రతి గూడేనికీ ఇంకో చిన్న జాబితా: జులై, ఆగస్టుల్లో గడువు వచ్చే పిల్లలు, వాళ్ల పక్కన వాగు దిగిన మరుసటి రోజే ఎవరు వెళ్లాలన్నది. ఈ జాబితా (డ్యూ లిస్టు) కాపీ ఒకటి సబ్ సెంటర్‌లో, మరొకటి వాగు అవతల ఉండే ఆశా దగ్గర ప్లాస్టిక్ కవర్‌లో.

మిర్చి ఏరడానికి వచ్చి వెళ్లిపోకుండా ఆగిన కుటుంబాల పిల్లలు ఈ వడపోతలో దొరికారు. గోదావరి ఒడ్డు మిర్చి తోటలకు జనవరి నుంచి కూలీలు దిగుతారు. పని అయ్యాక చాలామంది తిరిగి వెళతారు, కొందరు నాట్ల దాకా ఉండిపోతారు. వాళ్ల పిల్లల టీకా కార్డులు ఒక్కోసారి వేరే రాష్ట్రానివి, ఒక్కోసారి ఉండనే ఉండవు. కార్డు లేదు కదా అని తిప్పి పంపకూడదని ముందే అనుకున్నాం. తల్లి చెప్పింది వింటాం, బీసీజీ మచ్చ చూస్తాం, అనుమానముంటే వేసేస్తాం. ఎక్కువైన డోసుతో వచ్చే నష్టం కన్నా తప్పిన డోసుతో వచ్చే నష్టమే పెద్దది.

జూన్ చివర, మందుల గదిలో

వరదలంటే అందరి భయం వేడి మీదే. కరెంటు పోతుంది, మందు పాడవుతుంది. నిజమే, టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. అయితే పెట్టె తెరవకపోతే టీకాలు నిల్వచేసే ఫ్రిజ్ ఐఎల్‌ఆర్ కరెంటు లేకుండా కనీసం 20 గంటలు తట్టుకునేలా తయారవుతుంది. మంచు కట్టిన పెద్ద కోల్డ్ బాక్సు రెండు మూడు రోజులు లాగుతుంది. వేడి తగిలితే వయల్ (మందు సీసా) మీది వీవీఎం గుర్తు చెప్పేస్తుంది. వలయం లోపలి చతురస్రం రంగు ముదిరి, చుట్టూ ఉన్న రంగుతో కలిసిపోయిందంటే దాన్ని పక్కన పెట్టాల్సిందే.

గడ్డకట్టడం సంగతి వేరు. పెంటావాలెంట్, హెపటైటిస్-బి, టీడీ (ధనుర్వాతం, డిఫ్తీరియా), పీసీవీ (న్యుమోనియా), ఐపీవీ (పోలియో ఇంజెక్షన్) టీకాలు ఒకసారి గడ్డకడితే పనికిరావు. కరిగాక చూస్తే మామూలుగానే కనిపిస్తాయి. వీవీఎం దీని గురించి నోరు విప్పదు. హడావిడిగా బయలుదేరే రోజున డీప్ ఫ్రీజర్ నుంచి తీసిన రాయిలాంటి ఐస్‌ప్యాక్‌లను నేరుగా టీకాలు మోసే క్యారియర్‌లో పేర్చితే జరిగేది ఇదే.

వాగు అవతలి పీహెచ్‌సీలో ఫార్మసిస్టు గారు ఉదయం ఆరున్నరకే నాలుగు ఐస్‌ప్యాక్‌లను బల్ల మీద పరిచారు. బయట జీపు హారన్ కొడుతోంది. ఆయన కదలలేదు. తెల్లగా పొగలు కక్కుతున్న ప్యాక్‌ల మీద మొదట పొడి మంచు, కాసేపటికి అది కరిగి నీటి చుక్కలు. ఒక్కోదాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపుతున్నారు. రెండింట్లో లోపల నీళ్లు గలగలమన్నాయి. మూడోదాన్ని మళ్లీ బల్ల మీద పెట్టారు. "ఇది ఇంకా పలకలేదు" అన్నారు. డ్రైవర్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "తమ్ముడూ, నువ్వు టీ తాగి రా. ఇది పలికాకే బండి కదిలేది." నాలుగూ పలికాక తుడిచి క్యారియర్‌లో నాలుగు పక్కలా దిగేశారు. అలా సర్దిన క్యారియర్, మాటిమాటికీ తెరవకపోతే, 12 గంటలు చల్లగా ఉంటుంది. ఆ రోజు ప్రయాణానికి అంత సమయం చాలు.

అనుమానం వచ్చిన వయల్‌కు షేక్ టెస్ట్ ఎలా చేయాలో కూడా ఆయనే అక్కడున్న ఏఎన్‌ఎంలకు చూపించారు. అదే కంపెనీ, అదే బ్యాచ్ వయల్ ఒకదాన్ని కావాలని గడ్డకట్టించి, కరిగించి, పొరపాటున ఎవరూ వాడకుండా దాని మీద రాసి పెట్టుకున్నారు. రెండింటినీ కలిపి ఊపి బల్ల మీద నిలబెట్టారు. గడ్డకట్టినదాంట్లో తెల్లటి మడ్డి చూస్తుండగానే అడుగుకు దిగి, పైన నీళ్లు తేరుకున్నాయి. రెండోది మసకగానే ఉంది. అంటే అది బాగున్నట్టు.

ఐఎల్‌ఆర్‌లోని ఉష్ణోగ్రతను ఈవిన్ పరికరం గమనిస్తూ ఉంటుంది, హద్దు దాటితే ఫోనుకు సందేశం వస్తుంది. మంచి ఏర్పాటు. కానీ టవర్ పోతే సందేశమూ రాదు. సందేశం రాలేదు కాబట్టి ఉష్ణోగ్రత సరిగా ఉందనుకునే వీలు మళ్లీ ఇక్కడ కూడా ఉంది. అందుకని లోపల మామూలు థర్మామీటర్, పక్కన పుస్తకం, ఉదయం సాయంత్రం చేత్తో రాసిన అంకె. దీన్ని పాతకాలపు పద్ధతి అన్నవాళ్లున్నారు. అననివ్వండి.

జులై మొదటి వారం

జబ్బుల కబురు కోసం అరపేజీ ఫారం తయారైంది. దేశంలో 2004లో మొదలైన వ్యాధుల నిఘా కార్యక్రమం ఐడీఎస్‌పీలో వారానికోసారి కాగితాలు వెళ్లేవి: ఆరోగ్య కార్యకర్త అనుమానించినవి ఎస్ ఫారంలో, డాక్టర్ చూసి నిర్ణయించినవి పీ ఫారంలో, ల్యాబు తేల్చినవి ఎల్ ఫారంలో. 2021 ఏప్రిల్‌లో ఐహెచ్ఐపీ అనే కంప్యూటర్ వేదిక వచ్చాక అదంతా రోజువారీగా, ఆన్‌లైన్‌లోకి మారింది. మేం దాన్ని ముట్టుకోలేదు. నెట్ లేని రోజుల్లో దానికి ఊతకర్రగా ఉండేదే ఈ కాగితం.

అడిగేవి కొన్నే. నీళ్ల విరేచనాలు, జ్వరంతో దద్దుర్లు, పదిహేనేళ్ల లోపు పిల్లల్లో ఉన్నట్టుండి కాలో చెయ్యో చచ్చుబడటం, కామెర్లు, వణుకుతో జ్వరం, మరణం. ప్రతిదాని ఎదుట మూడు గడులు: ఉంది, లేదు, తెలియదు. మూడో గడి కోసం నేను చాలా వాదించాల్సి వచ్చింది. "తెలియదని రాస్తే పని చేయనట్టు కనబడుతుంది" అని ఒకరు, "అందరూ అదే గీత కొట్టి ఊరుకుంటారు" అని ఇంకొకరు. ముసురులో ఆశా తన ఇంటి చుట్టూ ఉన్న నలభై ఇళ్లు తిరగగలదు, వర్రె అవతలి గూడెం వైపు వెళ్లలేదు. ఆ గూడేనికి ఆమె "లేదు" అని రాయాలా? నిజం రాయడానికి గడి ఇవ్వకుండా అబద్ధం రాశారని తిడితే ఎలా?

కబురు ఎలా చేరాలన్నది ఊరూరికీ వేరు. ఒకచోట మిట్ట మీది మోదుగు చెట్టు కింద సిగ్నల్ దొరుకుతుంది, సాయంత్రం అయిదింటికి అక్కడి నుంచి ఫోను. ఇంకోచోట రోజూ ఈత కొట్టి వచ్చే చేపల వ్యాపారి చేతికి చీటీ. అది వద్దన్నాను. కబురు కోసం ఎవరూ ప్రాణం మీదికి తెచ్చుకోకూడదు. అక్కడ ఒడ్డున కనిపించేలా గుడ్డ కడతారు: తెల్లదైతే అంతా బాగుంది, ఎర్రదైతే పడవ పంపండి.

జులై మూడో వారం

ముసురు పట్టింది. జంపన్నవాగు వంతెన అంచు దాకా వచ్చింది. అవతలి ఊళ్ల నుంచి మొదటి సాయంత్రం ఫోన్లు బాగానే వచ్చాయి, రెండో సాయంత్రానికి సగం, ఆ తర్వాత ఒక్కటీ లేదు. ఆ రోజు జిల్లా పట్టికలో ఆ ఊళ్ల ఎదుట సున్నాలకు బదులు "కబురు లేదు" అని రాయించగలిగాం. ఇంత చిన్న మార్పుకు ఫలితం వెంటనే కనిపించింది: పడవ ముందుగా ఎటు వెళ్లాలన్న ప్రశ్నకు ఆ పట్టికే జవాబు చెప్పింది.

వాన తెరిపిచ్చిన సాయంత్రం మోదుగు చెట్టు కింది నుంచి ఫోను. "సార్, కాలు చచ్చుబడే వరుసలో మొదటి గడి. ఏడేళ్ల పిల్లాడు. మొన్న జ్వరం వచ్చింది, ఇవాళ నిలబడటం లేదు. వాళ్లమ్మ వాతం అంటోంది."

పోలియో పోయిన దేశంలో దీనికింత కంగారెందుకని అడిగేవాళ్లుంటారు. పోయిందని చెప్పగలుగుతున్నది ఇలాంటి ప్రతి కాలునూ పట్టించుకుంటున్నందుకే. 2016లో హైదరాబాద్ అంబర్‌పేటలో మురుగునీటి నమూనాలో టీకా నుంచి మార్పు చెందిన టైప్-2 వైరస్ బయటపడితే, ఆ జూన్‌లోనే హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాల్లో పిల్లలకు ఐపీవీ ప్రత్యేకంగా వేశారు. ఒక్కరికీ కాలు పోకముందే.

నియమం స్పష్టం. లక్షణం మొదలైన 14 రోజుల్లోపు, 24 గంటల ఎడంతో రెండు మలం నమూనాలు తీయాలి, ఒక్కోటి దాదాపు ఎనిమిది గ్రాములు. 72 గంటల్లో చల్లగా ల్యాబుకు చేరాలి. టీకాలు మోసే క్యారియర్‌ను దీనికి వాడకూడదు, ఇందుకు వేరే ఉండాలి. జూన్‌లో ఆ అవతలి ఊరికి ఒక పాత క్యారియర్ మీద పెద్ద అక్షరాలతో రాసి ముందే పంపి ఉంచాం. కానీ అక్కడ ఐస్‌ప్యాక్‌లు లేవు, కరెంటే లేదు. మత్స్యకారుల పడవలో సూపర్‌వైజర్ ఐస్‌ప్యాక్‌లతో వెళ్లారు. పిల్లవాణ్ని పరీక్షించిన డాక్టర్ సలహాతో అదే పడవలో తల్లీ కొడుకులను ఇవతలికి తెచ్చి వరంగల్ ఎంజీఎంకు పంపారు. మొదటి నమూనా ఊళ్లో, రెండోది ఆసుపత్రిలో. గూడెంలో అయిదేళ్ల లోపు పిల్లల టీకాల లెక్క కూడా ఆ రోజే తీశారు. జూన్ బకాయిల పని వల్ల ఆ జాబితాలో ఖాళీలు తక్కువే కనిపించాయి.

జులై చివర, బడిలో పునరావాస కేంద్రం

జనం ఒకేచోట కిక్కిరిసి పడుకునే చోట నాకు అన్నిటికన్నా భయం తట్టు. దద్దుర్లు కనిపించడానికి నాలుగు రోజుల ముందు నుంచే అది ఇతరులకు అంటుతుంది. మనకు తెలిసేసరికి గదంతా పాకి ఉంటుంది. అందుకే దుప్పట్లు పంచే బల్ల పక్కనే టీకా బల్ల వేయించాం. తొమ్మిది నెలల నుంచి అయిదేళ్ల దాకా ఎంఆర్ తప్పిన పిల్లలకు అక్కడే. 2022 చివర ముంబయి వంటి చోట్ల తట్టు ప్రబలినప్పుడు, ప్రబలిన ప్రాంతాల్లో ఈ వయసు పిల్లలందరికీ అదనంగా ఒక డోసు వేయమని కేంద్రం రాష్ట్రాలకు సూచించింది. మాకు ఆ అవసరం రాలేదు. ఒక పాపకు దద్దుర్లు వస్తే గదిలో గుసగుసలు బయలుదేరాయి. దగ్గు, ఎర్ర కళ్లు లేవు, నీటి పొక్కులున్నాయి. ఆటలమ్మే అని పెద్దవాళ్లు ముందే తేల్చేశారు. అయినా రక్త నమూనా పంపి, పాపనూ తల్లినీ వేరే గదిలో ఉంచారు.

ఎంఆర్, బీసీజీ వయల్ కలిపాక నాలుగు గంటలకు మించి ఉంచకూడదు. ఇద్దరు పిల్లలున్నా వయల్ తెరవాల్సిందే. వృథా శాతం ఎందుకు పెరిగిందని తర్వాత అడుగుతారు, అడగనివ్వండి.

నీళ్ల సంగతి: డ్రమ్ములో క్లోరిన్ పరీక్ష ఉదయం, మధ్యాహ్నం. బ్లీచింగ్ ఉదయం వేసి మధ్యాహ్నం చూస్తే రంగే రాని, అంటే క్లోరిన్ మిగలని, డ్రమ్ము ఒకటి దొరికింది. మూత లేదు.

ఆగస్టు రెండో వారం

కరెంటు వచ్చింది, నెట్ వచ్చింది, వాటితో పాటు ఒక "మహమ్మారి" కూడా వచ్చింది. ఒకే రోజున ఒక మండలం గీత నిట్టనిలువుగా పైకి లేచింది. పైనుంచి ఫోన్లు. తీరా చూస్తే, వారం రోజుల కాగితాలన్నీ ఒక్క మధ్యాహ్నం కూర్చుని ఎక్కించారు. జ్వరం మొదలైన తేదీ గడిలో కూడా ఎక్కించిన రోజు తేదీనే పడింది. కాగితం ఫారాలు పక్కన పెట్టుకుని అసలు తేదీలు సరిచేశాక, ఆ శిఖరం వారం పొడవునా సాగిన చిన్న గుట్టగా పరుచుకుంది. విరేచనాలు మొదటి రోజుల్లోనే పెరిగి తగ్గాయి. జ్వరాలు మాత్రం ఇప్పుడిప్పుడే మొదలవుతున్నాయి. సహజమే. వరద నీరు గుంటల్లో నిలిచి, దోమ పెరిగి, అది కుట్టాక మలేరియా బయటపడటానికి మరో పది పదిహేను రోజులు. వరద తగ్గిన వారానికే "అంటువ్యాధులేమీ లేవు" అని ప్రకటించేవాళ్లు ఈ లెక్క చూస్తే బాగుండు.

ఫీవర్ సర్వే రోజుల్లోనే తప్పిన టీకా సెషన్లు కూడా జరుగుతున్నాయి. నాట్ల వేళ కాబట్టి తల్లులు పొలాల్లో ఉంటారు. సెషన్ ఉదయం ఏడింటికి మార్చాక బల్ల దగ్గర వరస కనిపించింది.

సెప్టెంబర్ మొదట్లో

పిల్లవాడి నమూనాల్లో పోలియో వైరస్ లేదు. డాక్టర్లు నరాలకు సంబంధించిన వేరే జబ్బుగా తేల్చారు, ఫిజియోథెరపీ నడుస్తోంది. లక్షణం మొదలైన 60 రోజులకు మళ్లీ కాలు బలం చూడాలి. అది ఈ నెలాఖరుకు వస్తుంది, సూపర్‌వైజర్ పేరు రాసి పెట్టాం.

సమీక్షలో మళ్లీ మూడో గడి మీదే చర్చ. వచ్చే ఏడు తీసేద్దామని ఒకరన్నారు. నేను "తెలియదు" గీతలున్న కాగితాలు బల్ల మీద పరిచాను. వాటిలో చాలావరకు ఆశా అక్క మేలో పెన్సిల్‌తో గీసిన ఆ వర్రె అవతలివే. గడి ఉంటుంది. దాని పక్కన "ఎందుకు" అని చిన్న ఖాళీ కూడా చేరుతుంది. ఆ వర్రె మీద నడక వంతెన కోసం కాగితం గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకు వెళ్లింది.

ఇంకో మార్పు: ఊళ్ల జాబితా మేలో మొదలుపెట్టడం ఆలస్యం. మిర్చి కూలీలు దిగే జనవరిలోనే, తోటల యజమానులను అడిగి, పిల్లల పేర్లు రాసుకోవాలి. ఆ పనికి మంగపేట మండలాన్ని కూడా కలుపుతున్నాం.